మంత్రిగారు వింటున్నారు

"ఇకమీదట ఈ ప్రభుత్వం చదవదు, వింటుంది!" అని రవాణా మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించగానే హాలంతా చప్పట్లు మోగాయి. ఇన్నాళ్లూ ఆయన ఏం చదివేవారని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్లని అలాంటివి అడగడం మర్యాద కాదు.

సంగతేమిటంటే, పత్రికల్లో పేజీలకు పేజీలు వచ్చే పరిశోధన కథనాలన్నీ ఆడియో చేస్తారు. మంత్రిగారు కారులో వెళుతూ వింటారు. ముక్క కూడా వదలకుండా, చివరిదాకా. ఇందుకోసం ఒక సౌండ్‌ప్రూఫ్ గదీ, ఒక మైకూ, చదవడానికి ఒక మనిషీ మంజూరయ్యాయి. ఆ మనిషి పేరు ఆఫీసులో ఎవరికీ పట్టలేదు. "వాయిస్ వచ్చిందా?", "వాయిస్ టీ తాగిందా?" అనేవారు. ఇంట్లో చెల్లెలు మాత్రం రేడియో అనేది.

ఆ చెల్లెలికిప్పుడు నెలలు నిండాయి. ఇల్లు పెద్ద కూడలికి ఇవతల, ఆసుపత్రి అవతల. మంత్రిగారి కాన్వాయ్ వస్తోందంటే ఆ కూడలి మూసేస్తారు. ఎక్కడి బండి అక్కడే నిలబడాలి.

"ఏం రేడియో అక్కా, నాకు నొప్పులొచ్చిన రోజే మీ అయ్యగారు ఊరేగితే నా గతేంటి?"

"లోపలున్నవాణ్ణి కాసేపు ఆగమని చెప్పు."

"వాడేమన్నా నీలా గవర్నమెంటు ఉద్యోగా, ఆగమంటే ఆగడానికి!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కానీ ఆ రోజునుంచీ అక్కకి ఆ కూడలి భయం పట్టుకుంది.

అందుకే ఆ కథనం తన బల్ల మీదికి వచ్చినప్పుడు ఆమెకు కళ్లు చెమర్చాయి. అది ఆ కూడలి గురించే. కాన్వాయ్ పోయేదాకా అక్కడ ఆగిపోయిన మనుషుల గురించి ఒక విలేకరి నెలల తరబడి తిరిగి రాసింది. పరీక్ష పోగొట్టుకున్న అమ్మాయి ఉంది. ఛాతీ పట్టుకుని ఆటోలోనే ఒరిగిపోయిన ముసలాయన ఉన్నాడు. మంత్రిగారు ఇది వింటే చాలు, కూడలి తెరుచుకుంటుంది, చెల్లెలు గట్టెక్కుతుంది. అలా అనుకుని ఆమె ప్రాణం పెట్టి చదివింది. ముసలాయన దగ్గరికొచ్చేసరికి ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ చదివింది.

గాజు అద్దం అవతలినుంచి పర్సనల్ సెక్రటరీ చెయ్యి ఊపాడు.

"కాస్త హుషారుగా చదవమ్మా."

"ఇక్కడ మనిషి పోయాడండీ."

"పోతే పోయాడు. హుషారుగా పోనీ."

ఆడియో తయారైంది. అప్పుడొచ్చింది అసలు చిక్కు. మంత్రిగారి ఇంటినుంచి ఆఫీసు కూతవేటు దూరం. కథనమేమో ఎంతకీ తెమలదు.

"ముక్కలు చేసి వినిపించమంటారా సార్?" అన్నాడు సెక్రటరీ.

మంత్రిగారు నొచ్చుకున్నారు. "చివరిదాకా వింటానని ప్రజలకు మాటిచ్చానయ్యా. కథ పొడుగైతే దారి పొడుగు చెయ్యండి."

దూరదృష్టి అంటే అది. కథనం అయ్యేదాకా కాన్వాయ్ పెద్ద కూడలి చుట్టూ తిరగాలని నిర్ణయమైంది.

"బాగానే ఉంది. కానీ నేను వింటున్నానని జనానికెలా తెలుస్తుంది? చెవిలో పెట్టుకుంటే ఫోన్ మాట్లాడుతున్నాననుకుంటారు."

కారుకి స్పీకర్లు బిగించారు. హారన్ల మోతలో మాట వినబడటం లేదని అన్నారు. దాంతో కథనం పూర్తయ్యేదాకా నాలుగు వైపులా దారులు మూసేశారు. ఆ రోజు కాన్వాయ్ కూడలి చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో, లోపల మంత్రిగారి మనసు అంతకంటే ఎక్కువ తిరిగింది. సాయంత్రం ప్రెస్‌మీట్‌లో ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"ఆ ముసలాయన్ని తలుచుకుంటే అన్నం సహించడం లేదు. ఇలాంటిది ఒక్కసారి వింటే సరిపోదు. ఇకనుంచి రోజూ వింటాను!"

వాయిస్‌ని వేదిక మీదికి పిలిచి పూలగుత్తి చేతిలో పెట్టారు. ఆమె ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుంది.

"సార్, ఆ కూడలి..."

"ఎంత బాగా చదివావు తల్లీ! కూడలి కళ్ల ముందు కదిలిందనుకో."

"కదలడం లేదు సార్. అందుకే మా చెల్లి..."

సెక్రటరీ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు నడిపించాడు. "వాయిస్ సొంతంగా మాట్లాడకూడదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఆ వారంలోనే చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. ఆటో కూడలి దాకా వచ్చి ఆగింది. ముందు బారికేడ్, వెనక బళ్లు. పక్కకి తిప్పే సందు కూడా లేదు.

"అక్కా, నావల్ల కాదే!"

"కొంచెం ఓర్చుకో బంగారం. సారూ, పురిటి మనిషండీ! ఒక్క ఆటో పోనివ్వండి!"

కానిస్టేబులు జాలిగా చూశాడు. "కథ సగంలో ఉందమ్మా. ఇప్పుడు కదిపితే నా ఉద్యోగం పోతుంది."

అంతలో కాన్వాయ్ మలుపు తిరిగింది. స్పీకర్లలోంచి గొంతు వచ్చింది. ఆటో డ్రైవరు తల ఊపాడు.

"ఈవిడెవరో గానీ భలే చదువుతుందండీ. రోజూ విని విని నాకు కంఠతా వచ్చేసింది. ఇప్పుడు ముసలాయన వస్తాడు చూడండి."

ఆ చదివే మనిషి తన ఆటోలోనే ఉందని అతనికి తెలియదు. చెల్లెలి చెయ్యి అక్క చేతిని పిప్పి చేస్తోంది.

మంత్రిగారి కారు వాళ్ల ముందునుంచే మెల్లగా సాగింది. వెనక అద్దం దించి ఉంది. మంత్రిగారు కూర్చునే సీట్లో ఒక పెద్ద స్పీకరు ఉంది. దానికి సీటుబెల్టు పెట్టి ఉంది.

"లోపల మంత్రిగారు లేరండీ!" అని అరిచింది అక్క.

కానిస్టేబులు కారుకి సెల్యూట్ కొట్టి, అది దాటాక చెయ్యి దించాడు.

"వినడం ఆపమని ఆర్డరు రాలేదమ్మా."

అక్క ఇక అతనివైపు చూడలేదు. సంచిలోంచి చీర తీసి, ఆటోకి అడ్డం కట్టమని డ్రైవరుకి చెప్పింది. వెనక బస్సులోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగి పరుగెత్తుకొచ్చారు. స్పీకర్లలో ముసలాయన ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు, చాలా హుషారుగా. అదే సమయానికి చీర వెనకనుంచి పసిబిడ్డ కెవ్వుమన్నాడు. గుక్క తిప్పుకుని మళ్లీ ఏడ్చాడు, కూడలంతా వినబడేలా.

కానిస్టేబులు కంగారుగా పరుగెత్తుకొచ్చి పెదాల మీద వేలు పెట్టాడు.

"ష్... మంత్రిగారు వింటున్నారు!"