మా ఆవిడ లైసెన్సు, నా చదువు

టీచర్ల లైసెన్సు రెన్యువల్‌ను తిట్టేవాళ్ళంతా కృతఘ్నులు. ఎవరేమనుకున్నా సరే, ఈ మాట అనక తప్పదు. మా కాపురం మొదలైన ఇన్నేళ్ళలో నా భార్య పుట్టినరోజు నేను మరిచిపోకుండా కాపాడిన మహానుభావులు ఎవరైనా ఉన్నారంటే, ఆ లైసెన్సు ఆఫీసువాళ్ళే!

ఎలాగంటారా? మా దేశంలో టీచరు లైసెన్సుకు మూడేళ్ళే ఆయుష్షు. మూడో ఏట, సరిగ్గా ఆ టీచరు పుట్టినరోజున, అది కన్ను మూస్తుంది. ఎంత ముందుచూపు! కేకు మరిచిపోతే భార్య అలుగుతుంది. లైసెన్సు మరిచిపోతే ఉద్యోగం అలుగుతుంది. రెండో అలక ముందు మొదటిది ఏపాటి?

ముందు నా గురించి చెప్పుకోవాలి. నేను ఎపిఫానియో పనిజాలెస్‌ని. పనాయ్ దీవిలో మా ఊరి సంతకూ కొండ మీది బడికీ మధ్య ట్రైసికిల్, అంటే బైకుకు పక్కబండి తగిలించిన ఆటో, నడుపుతాను. వారం వారం ఈ పత్రికలో లోకాన్ని సరిదిద్దుతాను. మిగిలిన వేళల్లో పెరట్లో పందెం పుంజుల్ని పెంచుతాను. వాటిలో పెద్దదాని పేరు సెనేటర్. ఎవరూ అడక్కపోయినా గంటల తరబడి మాట్లాడుతుంది గనుక ఆ పేరు పెట్టాం.

నా భార్య ఫ్లోర్దెలిజా ఒకటో తరగతి టీచరు. ఊరందరికీ మేడం ఫ్లోర్. మా ఊళ్ళో సంతకం చెయ్యగలిగినవాళ్ళలో సగంమందికి ఆ సంతకం నేర్పింది ఆమే. ఇంగ్లీషు 'జి' అక్షరం రాయించేటప్పుడు, "ముందు గుడ్డు పెట్టండి. ఇప్పుడు ఆ గుడ్డుకు పుంజు తోక తగిలించండి" అంటుంది. అందుకే మా ఊరివాళ్ళు రాసే 'జి' అక్షరానికి తోక కిందికి దిగి, మెలితిరిగి, మళ్ళీ పొగరుగా పైకి లేస్తుంది. మెడికల్ షాపు చీటీ అయినా ప్రేమలేఖ అయినా ఆ తోక చూసి నేను పట్టేస్తాను, ఇది మా ఫ్లోర్ చేతి చదువేనని.

సరే, అదంతా బాగానే ఉంది. కానీ ఆమె టీచరు అనడానికి రుజువేది?

లైసెన్సు ఆఫీసు అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్న. పిల్లలు చదువుతున్నారుగా అంటారా? పిల్లలు చదివితే అది పిల్లల ఘనత. రుజువంటే సర్టిఫికెట్. పదిహేను యూనిట్ల శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్లు చూపిస్తే టీచరు. చూపించకపోతే, పిల్లల మధ్య ఊరికే నిలబడి కేకలు వేసే ఒక ఆడమనిషి.

ఇంకా ఫోటో ఉంది. కాలరు కనిపించాలి, చెవులు కనిపించాలి, వెనక తెల్లగా ఉండాలి. బజారులో ఫోటో స్టూడియో డోడాంగ్ దగ్గర కంప్యూటరులో ఒక నల్లకోటు ఉంది. ఎవరు కూర్చున్నా దాన్నే మెడ కింద అతికిస్తాడు. మా జిల్లా టీచర్లందరిదీ అదే కోటు. లావుపాటి హెడ్మాస్టరుకూ అదే, ఈనెపుల్లలాంటి డ్రిల్లు మాస్టారుకూ అదే. ఇంతటి సమానత్వం విప్లవాలు కూడా తేలేదు!

శిక్షణలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. అదీ బడి వేళల్లోనే. టీచరు ఖాళీగా ఉన్నప్పుడు శిక్షణ ఇవ్వడంలో గొప్పేముంది? పాఠం మధ్యలో లేపి, పాఠం చెప్పడం ఎలాగో చెబితేనే కదా వంటబడుతుంది! శనివారాలు పెట్టవచ్చుగా అని కొందరు సణుగుతారు. శనివారాలు మా ఫ్లోర్‌కు కుదరదు. చదవడం రాని పిల్లల ఇళ్ళకు పోయి, వాళ్ళ అరుగుల మీద కూర్చుని చదివిస్తుంది. దానికి యూనిట్లు లేవు.

"బడికి పోనా, శిక్షణలో కూర్చోనా?" అంది ఫ్లోర్ ఆ మధ్య ఒక పొద్దున, అన్నం కలుపుతూ. "పుట్టినరోజు దగ్గరికొచ్చేసింది. లైసెన్సు కార్డు గడువు అయిపోతే జూన్‌లో నన్ను క్లాసులోకి రానివ్వరు."

"బడికి నువ్వు పో. శిక్షణకు నేను పోతా" అన్నాను.

"నువ్వా? అక్కడ నువ్వేం చేస్తావ్?"

"అందరూ చేసేదే. కెమెరా ఆపేసి కూర్చుంటా."

"నోరు మాత్రం విప్పకు పాంగా." పాంగా అంటే మా వైపు ముద్దుమాట. ఆమె నన్ను నమ్మనప్పుడే వాడుతుంది.

"నేనెప్పుడు విప్పాను?"

ఫ్లోర్ నా వైపు చూసింది. తరువాత కిటికీలోంచి సెనేటర్ వైపు చూసింది. బడికి పోయింది.

అలా మొదలైంది నా ఉన్నత విద్య. ఆహా, ఏం శిక్షణలండీ అవి! ముందు ప్రార్థన. తరువాత జాతీయగీతం. కెమెరా లేకపోయినా దేశభక్తి ఉండాలి కదా, నిక్కరుమీదే లేచి గుండె మీద చెయ్యి పెట్టుకుని కోళ్ళగూడు ముందు నిలబడ్డాను. తరువాత ఎవరెవరు ఏ ఊరి నుంచి నమస్కారం పెడుతున్నారో అందరూ టైపు చేస్తారు. దేశంలో ఎన్ని ఊళ్ళున్నాయో నాకు అప్పుడే తెలిసింది. తరువాత నిద్ర వదలడానికి డాన్సు. పెరట్లో ఒంటరిగా చేతులూపుతూ గెంతుతుంటే పక్కింటి పెద్దావిడ నానాంగ్ సాలుద్ కంచె మీదుగా చూసి, "ఎపిఫానియో, చీమలు కుట్టాయా?" అంది. "కాదు నానాంగ్, వృత్తి నైపుణ్యం" అన్నాను.

ఆ తరువాత వక్తగారి పరిచయం, వక్తగారికిచ్చే ప్రశంసాపత్రాన్ని మొదటి అక్షరం నుంచి తేదీ దాకా చదివి వినిపించడం. వీటి మధ్య సందు దొరికినప్పుడు ఉపన్యాసం.

చివర్లో గ్రూపు ఫోటో. "అందరూ కెమెరాలు ఆన్ చెయ్యండి, నవ్వండి" అంది యాంకరమ్మ. పరుగున లోపలికి పోయి, డోడాంగ్ తీసిన ఫ్లోర్ ఫోటో పెద్ద సైజుది తెచ్చి కెమెరా ముందు పట్టుకున్నాను. తెర మీద చూద్దును కదా, వరసల నిండా నల్లకోట్లే! ఒక్కరూ రెప్ప వెయ్యడం లేదు. ఎంత క్రమశిక్షణ గల దేశం మనది అనుకున్నాను.

అసలు సంగతి రెండో శిక్షణలో బయటపడింది. అంశం, ఒకటో తరగతి పిల్లలకు చదవడం నేర్పడం ఎలా. మమ్మల్ని చిన్న గుంపులుగా విడగొట్టి, చర్చించుకోమని వేరు వేరు గదుల్లో పడేశారు. మా గదిలో తెర నిండా మేడములే. మేడం కొరజోన్, మేడం ఇమెల్డిటా, మేడం పురిఫికాసియోన్. ఎవరూ నోరు విప్పరు. నేనూ విప్పలేదు. ఫ్లోర్‌కు మాటిచ్చానుగా.

విప్పింది సెనేటర్. నిండుగా, సభనుద్దేశించి, ఒక్క కూత కూశాడు.

వెంటనే మేడం కొరజోన్ మైకులోంచి ఒక పుంజు బదులిచ్చింది. మేడం ఇమెల్డిటా వైపు నుంచి ఇంకొకటి. మేడం పురిఫికాసియోన్ వైపు రెండు. బడిలో ఉండాల్సిన మేడముల దగ్గర ఇన్ని పందెం కోళ్ళెందుకుంటాయి, మీరే చెప్పండి?

"ఆ మొదటి కూత ఏ జాతి పుంజుది అన్నా?" అని అడిగింది మేడం కొరజోన్, సారా కొట్టు ఓనరులాంటి బొంగురు గొంతుతో.

అందరం మొగుళ్ళమే! ఒకాయన బోహోల్ దీవిలో చేపలు అమ్ముతాడు. ఒకాయన జీప్నీ బస్సుల మెకానిక్. ఒకాయన రిటైరైన పోలీసు. పెళ్ళాలంతా బడుల్లో పాఠాలు చెబుతున్నారు, మేమంతా పాఠాలు చెప్పడం నేర్చుకుంటున్నాం.

"ఇంతకీ చర్చలో ఏం రాద్దాం?" అన్నాను.

"మాకేం తెలుసు?" అన్నాడు చేపలాయన. మళ్ళీ తనే, "మా ఆవిడైతే చదవలేని పిల్లాణ్ణి ముందు నవ్విస్తుంది. భయం పోయాకే పుస్తకం తెరుస్తుంది" అన్నాడు. మెకానిక్ అందుకుని, "మాది చాక్లెట్ల కాయితాలు ఏరి తెస్తుందయ్యా. వాటి మీది పేర్లే చదివిస్తుంది" అన్నాడు. నేను గుడ్డూ తోకా సంగతి చెప్పాను. "మాది రాత్రి నిద్రలో కూడా పిల్లల పేర్లు పిలుస్తుంది. అది రాయొచ్చా?" అన్నాడు పోలీసాయన. రాశాం.

మా గుంపుకే మొదటి బహుమతి వచ్చింది. క్షేత్రస్థాయి అనుభవం ఉట్టిపడుతోందని వక్తగారు మెచ్చుకున్నారు. అందులో నన్ను అత్యంత చురుకైన సభ్యుడిగా, కాదు, సభ్యురాలిగా ప్రకటించారు.

అక్కడే దెబ్బ పడింది. సర్టిఫికెట్ మీద పేరు ఎలా ఉండాలి అని తెర అడిగింది. పాఠకులారా, నేను హైస్కూలు పూర్తి చెయ్యలేదు. జన్మలో ఒక్క సర్టిఫికెట్ ఎరగను. గుండె ఉప్పొంగిపోయింది. వేళ్ళు వాటంతటవే, మా అమ్మ పుట్టింటి పేరుతో సహా, ఎపిఫానియో దె లా లామా పనిజాలెస్ అని కొట్టేశాయి.

ఫ్లోర్ పుట్టినరోజు నాడు ఇద్దరం ఇలోయిలో సిటీకి పోయాం. లైసెన్సు ఆఫీసు శాఖ మాల్‌లో పై అంతస్తులో ఉంటుంది. గడువుకు అదే ఆఖరి రోజు. బడిలో పిల్లలు ఆమె పుట్టినరోజుకని పాట నేర్చుకుని కూర్చున్నారట. రెండో తరగతి మేడం మధ్య తలుపులో నిలబడి రెండు క్లాసుల్నీ కాస్తోంది.

కౌంటరులో ఉన్న అమ్మాయి తలెత్తి, "అయ్యో, మేడం ఫ్లోర్!" అంటూ లేచి వచ్చి ఆమె చెయ్యి తీసుకుని, మా వైపు పెద్దలకు దణ్ణం పెట్టే పద్ధతిలో, నుదుటికి ఆనించుకుంది. "నేను మేడం, జెరల్డిన్ని. కిటికీ పక్క బెంచి. నాకు చదవడం మీరే కదా నేర్పింది."

"ముందు పళ్ళు లేని జెరల్డినా?" అంది ఫ్లోర్ సంబరంగా.

నేను మనసులో కొబ్బరికాయ కొట్టుకున్నాను. ఇక భయమేముంది, ఇంతకన్నా రుజువేం కావాలి? జెరల్డిన్ కూర్చుని సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిప్పింది. ఒకదాని దగ్గర ఆగింది.

"ఎపిఫానియో ఎవరు మేడం?"

"నేనేనమ్మా" అన్నాను.

"మీరూ టీచరా సర్?"

"ట్రైసికిల్ నడుపుతాను."

జెరల్డిన్ మొహం చిన్నబోయింది. "ఏమనుకోకండి మేడం. ఇది తీసేస్తే ఒక యూనిట్ తగ్గుతుంది. నా చేతుల్లో లేదు." పసుపు చీటీ ఒకటి తీసి, మీద రాసి, ఫైలుకు అంటించి ఇచ్చింది. గురో అని రుజువు చాలలేదు, అని ఉంది. మా దేశభాషలో టీచరును గురో అంటారు. మొదటి అక్షరం జి. గుండ్రటి గుడ్డు, దాని కింద తోక. ఆ తోక కిందికి దిగి, మెలితిరిగి, మళ్ళీ పొగరుగా పైకి లేచి ఉంది.

ఫ్లోర్ ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది. "రాత చెడలేదు" అంది జెరల్డిన్‌తో.

నాకు మాత్రం అక్కడే చచ్చిపోవాలనిపించింది. ఫ్లోర్ నన్ను ఒక్క మాట అంటే బాగుండేది.

జెరల్డినే దారి చూపించింది. ఆ పూటే ఒక శిక్షణ నడుస్తోందట, సరిగ్గా ఒక్క యూనిట్‌ది. మాల్ హోటళ్ళ దగ్గర ఒక మూల బల్ల చూసుకుని కూర్చున్నాం. పుట్టినరోజు కదా, ఆయుష్షు పెరగాలని ఒక ప్లేటు పాన్సిట్ సేమ్యా తెచ్చాను. ఈసారి ఫోను ఫ్లోరే పట్టుకుంది. అంశం, తరగతి గదిలో టీచరు ఉండవలసిన ఆవశ్యకత. రెండు గంటలు విన్నాం. టీచరు క్లాసులో లేకపోతే పిల్లలు వెనకబడతారని వక్తగారు బొమ్మలతో సహా నిరూపించారు.

చివర్లో ప్రశ్న వచ్చింది, ఈ రోజు మీరు నేర్చుకున్నదేమిటి? "ఇటియ్యి, నేను రాస్తా. ఇలాంటివి నాకు బాగా వచ్చు" అన్నాను. ఫ్లోర్ ఇవ్వలేదు. ఆమే రాసింది. ఈ రోజు నా పిల్లలకు పాఠం లేదు, అని రాసింది.

కళ్ళు మూసి తెరిచేలోపు జవాబొచ్చింది. అద్భుతమైన సమాధానం, మీరు ఉత్తీర్ణులయ్యారు, అని. కింద రంగు కాయితాలు ఎగురుతున్న బొమ్మ.

కౌంటరు మూసే వేళకు కార్డు చేతికొచ్చింది. నల్లకోటులో ఫ్లోర్, చెవులు రెండూ స్పష్టంగా. ఇంకో మూడేళ్ళ దాకా ఆమె టీచరు! నేను మళ్ళీ చెబుతున్నాను, ఈ రెన్యువల్ లేకపోతే మాకు ఆ సంగతి ఎలా తెలిసేది?

వచ్చేస్తుంటే జెరల్డిన్ కౌంటరు దాటి వెనకే వచ్చింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"మేడం, మావాడికి జూన్‌లో ఒకటో తరగతి. మా అమ్మ దగ్గర ఊళ్ళోనే ఉంచుదామనుకుంటున్నా. మీ క్లాసులోనే వేసుకోండి మేడం."

"ఇక్కడ సిటీలో ఇన్ని బడులున్నాయి కదే. అందరు టీచర్లకూ కార్డులున్నాయిగా?" అంది ఫ్లోర్.

"కార్డులు ఇచ్చేది నేనే కదా మేడం" అంది జెరల్డిన్.