ఫెంగ్ మేస్త్రి లాలాజల దిగ్విజయము

వినుడు, రసికులారా! శరత్కాలమున, చాంగ్ నదీతీరమున, దేవదారుకాష్ఠధూమధూసరితగగనమగు జింగ్‌దెజెన్ నగరమున, మధ్యాహ్నమార్తాండుడు సైతము తన వేడిమికి తానే సిగ్గుపడునట్లు ప్రజ్వరిల్లుచున్న పింగాణీ బట్టీ ముంగిట, నలువదేండ్ల ఉష్ణపరీక్షాధురంధరుడును, అగ్నిహృదయవేదియు నగు ఫెంగ్ ష్వేగెన్ మేస్త్రి నోరెండి నిలిచియుండెను.

ఏల ఎండెను? కట్టెలు వేయు చావ్ అను దుష్టబుద్ధి ఉదయమున పందెము కాచినాడు. మేస్త్రి మూడు పచ్చి పెర్సిమన్ కాయలను మొగము చిట్లింపక నమలి మ్రింగినాడు. పందెము గెలిచినాడు, ఆ వగరుకు నాలుక చెక్కయైనది.

హతవిధీ! బట్టీ ముందుభాగపు వేడిని మేనకోడలు లాన్ అమర్చిన విద్యుత్తు తీగ చెప్పుచున్నది: పదమూడు వందల డిగ్రీలు. వెనుకకు ఆ తీగ చాలలేదు. అచ్చట మేస్త్రి బట్టీగోడలోని రంధ్రము గుండ ఉమ్మి, ఆ చుక్క ఎగురు తీరును, మాయమగు వడిని చూచి వేడిని గ్రహింపవలె. మంట ముందుగా ఆపినచో గిన్నెలు పచ్చివి, ఆలసించినచో కరిగి ముద్దలు! లోపల పది కుటుంబముల నాలుగువేల గిన్నెలున్నవి.

"మామయ్యా, త్వరగా కానీ! వెనక సంగతి నీ నోరే చెప్పాలి," అని లాన్ తొందరపెట్టెను.

మేస్త్రి రంధ్రమునకు మొగమొగ్గి, సింహమువలె గర్జించి, "థూ!" అనెను. గాలి మాత్రమే వెడలెను.

"అన్నా, పోనీ నేనుమ్మనా? నా నోట్లో కావాల్సినంత ఉంది," అనెను చావ్.

"ఓరి చావూ! నలభై ఏళ్లుగా ఈ బట్టీతో మాట్లాడింది నా ఉమ్మి! అదెంత ఎగిరితే ఎంత వేడో నాకు తెలుసు. నీ ఉమ్మి ఏం చెప్పినా నాకెట్లా అర్థమవుతుందిరా? కూర్చో!"

మూడు గిన్నెల తేనీటిని అస్త్రములవలె ప్రయోగించెను. నీరు దిగిపోయెను, వగరు కదలదయ్యెను. నిజము చెప్పవలెనన్న, ఆ మహావీరుడు భయపడెను. ఆ పది కుటుంబములకు రేపు ఏ మొగము చూపగలడు?

అంతట ఆయన ధర్మపత్ని మేషియాంగ్, ముల్లంగియు ఉల్లికాడలును కూరిన వేడి కుడుములతో, ఎఱ్ఱమిరప ఊరగాయతో రంగప్రవేశము చేసెను. లాన్ జరిగినదంతయు చెప్పెను.

"ఈ వయసులో పందెమా!" అని ఆమె మగని ఎదుటనే పీట వేసికొని, కుడుము నొకదానిని ఊరగాయలో ముంచి తాపీగా కొఱికెను.

"ఏమే, అది నా భోజనం!"

"నోరెండినోళ్లకు భోజనమెందుకు? చావూ, రా తమ్ముడూ, వేడిగా ఉన్నాయి."

చావ్ కొఱికెను. ఊరగాయ రసము గడ్డము మీదుగా జాఱెను. "అబ్బ, వదినా! ఇంత మెత్తగా ఎట్లా చేశావు?"

ఆ దృశ్యమును గాంచిన మేస్త్రి కన్ను లెఱ్ఱబాఱెను. క్రోధేర్ష్యాక్షుధాత్రయప్రేరితమై, వగరుసేనల ముట్టడిని ఛేదించి, జిహ్వామూలమను దుర్గమునుండి ఒంటరి యోధునివలె ఒక్క బిందువు వెలువడెను! పెదవులు బిగించి, దానిని పసిబిడ్డవలె కాపాడుచు ఆయన రంధ్రమునకు పరుగిడెను.

"థూ!"

చుక్క గిన్నెలను దాచిన ఎఱ్ఱని మట్టిపెట్టెపై పడి, జానెడెగిరి, తెల్లగా చిట్లి మాయమయ్యెను.

"ఇంకా మూడు కట్టెల మోపులు!" అని మేస్త్రి ఘోషించెను. "తర్వాత మూసెయ్యండి!"

మూడవనాడు బట్టీ తెఱచిరి. వెనుకవరుస గిన్నెను మేషియాంగ్ గోటితో మీటగా అది గంటవలె మ్రోగెను. పది కుటుంబములవారును కేరింతలు కొట్టిరి.

"వచ్చేసారి వెనక్కీ తీగ వేస్తా, మామయ్యా," అనెను లాన్.

"వెయ్యి తల్లీ. దాని పక్కనే ఉమ్ముతా. ఎవరిదబద్ధమో చూద్దాం."

ఇట్లు ఫెంగ్ ష్వేగెన్ మేస్త్రి ఒకే ఒక్క ఉమ్మి చుక్కతో అగ్నిదేవుని గుట్టు రట్టు చేసి జగద్విఖ్యాతుడయ్యెను. ఈ గాథ విన్నవారి నోరు ఏనాడును ఎండకుండుగాక! కుడుములు మాత్రము ఆనాడు చావ్ అన్నియు తినివేసెను.