శాలువా కప్పిన కంప్యూటరు

ఆ రోజు శారోన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. అమలాపురంలో ఆమె పనిచేసే కొబ్బరి పీచు కంపెనీకి ఇంటర్నెట్‌లో బయటివాళ్ళకి కనిపించే కంప్యూటర్లు ఏడున్నాయి. వాటిలో దొంగలు దూరగల కంతలు ఎక్కడున్నాయో వెతికి పూడ్చడం ఆమె ఉద్యోగం. మూడు వారాల్లో ఆరింటిని పూడ్చింది. ఏడోదాన్ని పదింటికల్లా ముగించి, తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రం నాలుగింటికి జర్మనీ కంపెనీవాళ్ళు అక్కణ్ణుంచే తనిఖీ చేసేసరికి తీరిగ్గా కూర్చోవాలనుకుంది.

తనిఖీ గట్టెక్కితేనే జర్మనీవాళ్ళు వచ్చే ఏడాదికి పీచు చాపలు కొంటారు. లేకపోతే మామిడికుదురు షెడ్డులో చాపలు నేసే నలభైమంది ఆడవాళ్ళూ ఇళ్ళకి పోవాల్సిందే. అందులో శారోన్ తల్లి రేచల్ ఒకరు. ఆవిడ చేతి కష్టం మీదే తన చదువంతా నడిచింది కాబట్టి శారోన్‌కి మూడు వారాలుగా నిద్ర సరిగ్గా లేదు.

యజమాని ప్రభాకరరావుకి మాత్రం ఏ భయమూ లేదు. కొత్త వెబ్‌సైటు పెట్టించిన దగ్గర్నుంచీ జర్మనీ ఆర్డర్లు నెలనెలా ఠంచనుగా ఆఫీసుకి మెయిల్లో వస్తున్నాయి. ప్రతి ఆర్డరు కిందా "ఇట్లు, తమ విధేయుడు" అని కూడా ఉంటుంది. ఆ వెబ్‌సైటు చేసినవాళ్ళెవరో చాలా మర్యాదస్తులని ఆయన నలుగురికీ చెప్పేవాడు.

పదిన్నరకి శారోన్ ఏడోదాన్నీ ముగించి, కంపెనీ పేరు మీద ఇంకేమైనా ఉన్నాయేమోనని ఆఖరిసారి వెతికింది. ఎనిమిదోది బయటపడింది. అందులో ఆర్డర్లు తీసుకునే పాత పేజీ ఒకటి ఇంకా నడుస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్‌కి మరమ్మతులు రావడం ఆగిపోయి ఐదేళ్ళయింది. కంతలు నూటపన్నెండు. ఆమె పులిహోర డబ్బా మూసేసి ప్రభాకరరావు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇదెక్కడుందండీ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "మామిడికుదురులో, మన పాత మేనేజరు గంగాధరరావుగారింట్లో ఉందమ్మా. కరోనా రోజుల్లో ఇంటి దగ్గర పనిచేసుకుంటారని పంపించేం. రిటైరయ్యేక శాలువా కప్పి దాన్నే బహుమతిగా ఇచ్చేసేం. ఇంటర్నెట్ లైను కూడా మనదే. తీసేస్తే ఏం బాగుంటుందని ఉంచేసేం."

"ఫోన్ చేసి దాన్ని ఆపెయ్యమనండి సార్."

"శాలువా కప్పి ఇచ్చిన వస్తువుని ఫోన్లో ఆపెయ్యమంటామా? ఎదురుగా వెళ్ళి అడగాలి. ఉత్త చేతుల్తో వెళ్ళడమూ బాగోదు. ఇంకో శాలువా పట్టుకెళ్దాం."

శారోన్ లైను తీయించబోయింది. దరఖాస్తు పెడితే ఎల్లుండి మనిషొస్తాడన్నారు ఇంటర్నెట్‌వాళ్ళు. ఈలోగా ప్రభాకరరావు శాలువాల కొట్లో ఆకుపచ్చ బాగుంటుందా మెరూన్ బాగుంటుందా అని ముప్పావుగంట ఆలోచించాడు. మామిడికుదురు చేరేసరికి ఒంటిగంటన్నర.

"ఆయ్, రండి రండి," అని గంగాధరరావు గేటు దాకా ఎదురొచ్చాడు. "భోజనాలు చేసేరా?"

చెయ్యలేదని చెప్పడం శారోన్ చేసిన తప్పు. ఆయన భార్య అప్పాయమ్మ అప్పటికప్పుడు పనసపొట్టు కూర మొదలుపెట్టింది. విస్తరి ముందు కూర్చుని కంప్యూటరు ఆపమనడం ఎలా అని ప్రభాకరరావు కూర వైపే చూస్తూ తిన్నాడు. చేతులు కడుక్కునేసరికి రెండున్నర దాటింది. అప్పుడు గంగాధరరావు కంటబడింది శాలువా పొట్లం.

"నాకేనాండీ? మరి నలుగురూ లేకుండా కప్పించుకుంటే ఏం బాగుంటుందండి," అని ఆయన పక్కింటి సాయిబాబుకి కబురు పెట్టాడు. సాయిబాబు ఇంట్లో మొన్నటి పెళ్ళి తాలూకు మైకు సెట్టు ఇంకా తిరిగి వెళ్ళలేదు. పావుగంటలో వాకిట్లో పాతిక కుర్చీలు, మైకు, పాతికమంది మనుషులు. సాయిబాబు తన ఫోను మామిడిచెట్టు కొమ్మకి కట్టి సభనంతా ఫేస్‌బుక్ లైవ్‌లో పెట్టాడు.

శాలువా కప్పారు. మూడుంబావుకి గంగాధరరావు మైకు అందుకున్నాడు. "కంపెనీవారు నన్ను మర్చిపోలేదు. నేనూ ఆ కంప్యూటరుని ఒక్క పూట ఆపి ఎరగను. దాని పాస్‌వర్డ్ కూడా వాళ్ళిచ్చిన రోజున ఏదో ఇవాళా అదే. కంపెనీ పేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ."

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రభాకరరావు కూడా కొట్టాడు.

శారోన్ సాయిబాబు చెవి దగ్గరకి వెళ్ళింది. "అన్నయ్యగారూ, ఆ లైవ్ ఆపెయ్యరా?"

"రెండొందలమంది చూస్తున్నారమ్మా. మస్కట్‌లో ఉన్న మా తోడల్లుడు ఇప్పుడే రాసేడు, ఆ పాస్‌వర్డ్‌తో లోపలికెళ్ళి చూసేట్ట, అన్నీ శుభ్రంగా సర్దున్నాయట."

మూడూ నలభై అయింది. శారోన్‌కి షెడ్డులో తల్లి పక్కన కూర్చునే ఆడవాళ్ళ మొహాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది కానీ ఏడవడానికి వ్యవధి లేదు. తిన్నగా వెళ్ళి మైకు తీసుకుంది.

"బాబాయిగారూ, ఇన్నేళ్ళూ మీతోపాటు కష్టపడింది కదండీ, ఆ కంప్యూటరుకీ ఓసారి శాలువా కప్పుదామండి."

గంగాధరరావు కళ్ళు చెమ్మగిల్లాయి. తన భుజం మీది శాలువా తీసి ఇచ్చేశాడు. జనమంతా గదిలోకి నడిచారు. బొట్టు పెట్టి, పైన లేసుగుడ్డ వేసి ఉన్న కంప్యూటరు మీద ప్రభాకరరావు మెరూన్ శాలువా కప్పుతుంటే, శారోన్ ఆ శాలువా కింద చెయ్యి పెట్టి తీగ పీకేసింది. మళ్ళీ చప్పట్లు. టైము మూడూ యాభై ఆరు.

తిరుగు దారిలో, నాలుగున్నరకి జర్మనీ నుంచి తనిఖీ ఫలితం వచ్చింది. కంతలు సున్నా. శారోన్ ఫోన్లో తల్లికి ఆ మాట చెబుతూ ఏడ్చేసింది.

ఐదింటికి ఇంకో ఉత్తరం వచ్చింది. ప్రభాకరరావు కారు ఆపించి చదివాడు. "తనిఖీ బాగుంది, సంతోషం. ఏడాది ఆర్డరు పెడదామంటే మీ పేజీ తెరుచుకోవడం లేదు. మీ కొత్త వెబ్‌సైటు మాకు అర్థం కాక ఐదేళ్ళుగా ఆ పాతదాంట్లోనే పెడుతున్నాం. అక్కడుండే గంగాధరరావుగారు ప్రతి నెలా మా అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందో అడుగుతారు. ఇవాళ అడగలేదు. ఆయన క్షేమమేనా? ఆయన దొరికేదాకా ఆర్డరు ఆపి ఉంచుతాం."

ప్రభాకరరావు ఆ ఉత్తరాన్ని ఇంకోసారి చదివాడు. "అయితే మెయిల్లో ఆర్డర్లు పంపే ఆ విధేయుడు వెబ్‌సైటు కాదన్నమాట," అన్నాడు చివరికి. తర్వాత డ్రైవరుతో, "బండి వెనక్కి తిప్పు. ముందు శాలువాల కొట్టు దగ్గర ఆపు," అన్నాడు.

గంగాధరరావు ఆ రాత్రే మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. శారోన్ ఆయనింట్లో కొత్త కంప్యూటరు పెట్టి, ఒక్క కంత లేకుండా చూసి, ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ ఇచ్చింది. ఆర్డరు వచ్చింది. షెడ్డు నడుస్తోంది. పాస్‌వర్డ్‌ని ఆయన వారంలో ముగ్గురికి మాత్రమే చెప్పాడు, అదీ వాళ్ళు అడిగారు కాబట్టి.

మరుసటి నెల భద్రతా నివేదికలో ఏడు కంప్యూటర్లకి ఎదురుగా "సరిచేయబడినది" అని ఉంది. ఎనిమిదోదాని ఎదురుగా శారోన్ ఇలా రాసింది: "కంప్యూటరులో లోపం లేదు. గంగాధరరావుగారిని సరిచేయడం కుదరదు."