మునగని మామిడిలంక

స్నానం, పూజ, టిఫిను అయ్యేలోపు గోదావరి వరద మొత్తాన్ని కంప్యూటరులో దాచేయాలన్నది ఆ ఉదయం సత్యదుర్గ వేసుకున్న పథకం.

ఆమె అమలాపురంలో వరద ఇంజనీరు. తెర మీద నీటిమట్టం గీత వెంట బొత్తాం జరిపితే, అంత నీరొస్తే ఏ లంకలు మునుగుతాయో నీలంగా చూపించే బొమ్మ తయారుచేసింది. బొమ్మ బంగారమే, నడకే నత్తది. ప్రతిసారీ లెక్క మొదటినుంచి కట్టి, కాఫీ చల్లారాక జవాబు చెప్పేది. మధ్యాహ్నం కలెక్టరుగారి ముందు ఇలాగే దేకితే ప్రాజెక్టు అటకెక్కుతుంది. అందుకని కట్టిన ప్రతి లెక్కనూ దాచి, అదే నీటిమట్టం మళ్లీ అడిగితే దాచిన బొమ్మనే చూపించే ఏర్పాటు చేసింది. ఇక అన్ని మట్టాలనూ ఒకసారి నడిపిస్తే చాలు.

"అత్తయ్యగారూ, బొమ్మ ఆగినప్పుడల్లా బొత్తాం కాస్త ముందుకు జరపండి. అంతే."

"ఆయ్, అదెంత పనమ్మా! నువ్వెళ్లి నీళ్లు పోసుకో," అన్నారు కాంతంగారు.

మధ్యాహ్నం కలెక్టరుగారు బొత్తాం జరిపారు. చిటికెలో బొమ్మ మారింది. సత్యదుర్గ పై అధికారి సుబ్రహ్మణ్యేశ్వరరావు మీసం దువ్వుకున్నారు. చివరి మట్టానికి లంకలన్నీ నీలమైపోయాయి. మామిడిలంక ఒక్కటే నడిగోదావరిలో పచ్చగా నిలబడింది.

"ఇదెందుకు మునగలేదండీ?" అడిగారు కలెక్టరుగారు.

తెలియదనడం సుబ్రహ్మణ్యేశ్వరరావు జాతకంలో లేదు. "అది మెరకండి. ఎంత వరదొచ్చినా మునగదండి."

"అయితే పునరావాస కేంద్రం అక్కడే పెట్టండి."

ఎగువన వానలు అప్పటికే మొదలవడంతో వెంటనే ఫోన్లు మోగాయి. పడవలు, బియ్యం బస్తాలు కదిలాయి. పక్క లంకవాళ్లు గేదెలతో సహా బయల్దేరారు. సత్యదుర్గ వరండాలోకి పరుగెత్తి ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యగారూ, మామిడిలంకని ఏం చేసేరు?"

"ఏం చెయ్యమంటావమ్మా? అది నా పుట్టిల్లు. నా చేత్తో నేనే ముంచుకుంటానా? ఊరి మీద నొక్కితే గట్టు ఎత్తు అని ఇంకో గీతొచ్చింది. ఓ రెండు మీటర్లు లేపేను. ఆయ్, ఆ తర్వాత కోనసీమంతా నిశ్చింతగా ముంచేసేను."

సత్యదుర్గ లోపలికొచ్చి గట్టును మామూలు ఎత్తుకు దించింది. అయినా మామిడిలంక పచ్చగానే ఉంది. నీటిమట్టం చూసి దాచిన బొమ్మ తియ్యమని కంప్యూటరుకు చెప్పింది గాని, గట్టు మారిందేమో చూడమని తను చెప్పలేదు. తప్పు తనదే. కలెక్టరుగారి వైపు తిరిగింది.

"మామిడిలంక మునుగుతుందండి. మా అత్తగారే మునగనివ్వలేదు."

జరిగిందంతా చెప్పింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు మీసం మీంచి చెయ్యి తీసేశారు. కలెక్టరుగారు కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నారు.

"అంటే గట్టు రెండు మీటర్లు లేపితే ఈ ఊరు బతుకుతుందన్నమాట. ఏ ఊరికి ఎంత గట్టు కావాలని మీ ఆఫీసును ఎన్నాళ్లుగానో అడుగుతున్నానండీ. గేదెల్ని వెనక్కి తిప్పి ఒడ్డుకు చేర్చండి. సత్యదుర్గగారూ, మిగతా లంకలకు కూడా ఇలాగే గట్లు లేపి చూపించండి."

మర్నాడు పొద్దున్నే వీధిలోని ఆడవాళ్లంతా అరుగు మీద చేరారు. అందరి పుట్టిళ్లూ లంకల్లోనే. "తోసుకోకండమ్మా, అందరి గట్లూ లేపుదాం," అంటూ కాంతంగారు కాఫీలిస్తున్నారు.

సత్యదుర్గ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, పెరటి దారిన ఆఫీసుకు వెళ్లిపోయింది.