గోడ సీమంతం

పెద్ద అడవి కదా, అక్కడ బొరియల గోడలు చూడ్డానికి కూడా ఒక ఆఫీసు ఉండేది. ఎలుగుబంటి భల్లూకప్ప అందులో ఇంజినీరు. ఆయనకి సలహాలు చెప్పడానికి పక్కనే ఓ నక్క.

ఒకరోజు కనకవల్లి అనే కుందేలు పరుగున వచ్చింది.

"అయ్యా, మా నేలమాళిగ గోడకి కడుపొచ్చిందండీ! నెర్రెలిచ్చి నీళ్ళు కారుతోంది. పిల్లలు దాని పక్కనే పడుకుంటారు. కూలిందంటే నాకు దక్కరు."

భల్లూకప్ప వెళ్ళి చూశాడు. గోడ నిజంగానే మధ్యలో గుండ్రంగా ఉబ్బింది. చెవి ఆనించి విన్నాడు.

"లోపల ఏదో కదులుతోంది," అన్నాడు.

కదిలేదేమిటో నక్కకి తెలుసు. గోడకి అవతల, కాస్త పైన, అధ్యక్షులు అడవిదున్నగారి స్నానాల గుంట. ఆయన పొద్దస్తమానం అందులోనే దొర్లుతారు. ఆ నీళ్ళే మట్టిలోకి ఇంకి గోడని తోస్తున్నాయి. ఆ మాట పైకంటే ఉద్యోగం ఊడుతుంది.

"ఇది జబ్బు కాదు సార్, శుభవార్త," అంది నక్క. "కడుపొచ్చిందని ఆవిడే అంటోందిగా. గోడ నీళ్ళోసుకుంది!"

భల్లూకప్ప మొహం వెలిగిపోయింది. ఇంజినీరుగా ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు. పేరంటం అంటే మాత్రం బాగా తెలుసు.

"గోడ నీళ్ళోసుకోవడమేంటండీ! అవతల గుంట ఖాళీ చేయించండి," అని మొత్తుకుంది కుందేలు.

"తప్పమ్మా, కడుపుతో ఉన్నదాని ముందు అరవకూడదు. పురుడొచ్చేదాకా ఇక్కడ సుత్తి మోత కూడా వినపడకూడదు," అన్నాడు భల్లూకప్ప.

శుక్రవారం సీమంతం పెట్టారు. కనకవల్లికి భయమేసి పిల్లల్ని గుమ్మం బయట కూర్చోబెట్టింది. గోడకి పసుపు రాశారు, పూలు చుట్టారు. గాజులు తొడుగుదామంటే దానికి చేతుల్లేవు. సుత్తి వద్దన్న భల్లూకప్పే గాజులు తగిలించడానికి సరిగ్గా పొట్ట మీద మేకు కొట్టాడు.

గోడ గుడగుడమంది.

"నొప్పులు!" అని అరిచింది నక్క.

ఆ అరిచిన నోట్లోకే బురదనీళ్ళు పోయాయి. గోడ బద్దలైంది. ముందు రెండు కొమ్ములు వచ్చాయి, తర్వాత తడిసిన మూతి వచ్చింది. స్నానం మధ్యలో జారిన అధ్యక్షులవారు నడుం దగ్గర ఇరుక్కుని, కళ్ళు మిటకరిస్తూ అందర్నీ చూశారు.

భల్లూకప్ప కళ్ళు చెమర్చాయి.

"తల్లీ కనకవల్లీ, మగబిడ్డ!"

కుందేలుకి ఒళ్ళు మండిపోయింది. "పురుడు మీరే పోశారు, బిడ్డని మీరే సాకండి. మా కాపురం ఇక మీ ఆఫీసులో," అని పిల్లల్ని తీసుకెళ్ళి ఆయన కుర్చీలోనే పడుకోబెట్టింది.

నీతి: గోడకి కడుపొస్తే కంగారు పడకుండా సీమంతం చేయించండి, తండ్రి తనంతట తనే బయటపడతాడు.