మర్యాద నేర్చిన పెట్టెలు

మధ్యాహ్నంలోగా నిధులిచ్చే సంస్థ పరిశీలకుడు వస్తాడు, ప్రయోగం చూస్తాడు, నచ్చితే పని ఇంకో ఏడాది సాగుతుంది. ఆ ఉదయం కోడలి ఆలోచన అంతే. ఆమె వైర్‌లెస్ పరిశోధకురాలు. ఒకే పొదలోని పక్షులు ఒకదాని కూతకు మరొకటి అడ్డు రాకుండా సందు చూసుకుని కూస్తాయి. ఒకే తరంగాలను వాడుకునే వైఫై పెట్టెలకూ ఆమె అదే పద్ధతి నేర్పింది. పక్కపెట్టె పనిలో ఉంటే మనది ఆగాలి. తమ అంతస్తులోని మూడిళ్లలోనూ అలాంటి పెట్టెలే పెట్టించింది.

టిఫిన్లు ముగియకముందే ఎదురింటి వకీలు తలుపు తట్టాడు. కాసేపట్లో వీడియోలో వాదన ఉందట, నెట్ కదలడం లేదట. పక్కింటి సంగీతం టీచరు పాఠాల పేరుతో అంతా తనే వాడేస్తోందని అతని అనుమానం. ఆవిడ అప్పటికే మెట్ల దగ్గర నిలబడి ఉంది. తన శిష్యురాళ్లు నోళ్లు తెరిచి బొమ్మల్లా ఆగిపోయారనీ, అది వకీలు పనేననీ ఆవిడ అభియోగం. మాటా మాటా పెరిగి గొడవ వసారాలోని పూలకుండీ ఎవరి హద్దులో ఉందన్న దాకా వెళ్లింది.

కోడలు ఇద్దరి పెట్టెలూ చూసింది. రెండూ నిక్షేపంగా ఉన్నాయి, ఎవరికో దారి ఇచ్చి బుద్ధిగా ఆగి ఉన్నాయి. ఎవరికన్నది తేలక సొంతింట్లోకి వచ్చింది. అత్తగారు తన గదిలో చెల్లెలితో వీడియోలో తీరిగ్గా మాట్లాడుతోంది. పక్కన పాత పెట్టె వెలుగుతోంది.

"కొత్తది మాటిమాటికీ ఆగుతోందమ్మా. అందుకే అది తీసేసి పాతది తగిలించుకున్నా."

పాతదానికి ఆగడం తెలియదు. ఆ రెండిళ్లలోని కొత్తవి పొద్దుట్నుంచీ దానికే దారి ఇస్తున్నాయి. గుంపులో వంతు పాటించనిది ఒక్కటుంటే ఏమవుతుందో కోడలు లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడు పాతది ఆపినా కొత్తవి మళ్లీ సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది, వకీలుకు అంత వ్యవధి లేదు. సంగతి విన్న అత్తగారు చెల్లెలికి మళ్లీ చేస్తానని చెప్పింది.

"వాళ్లిద్దర్నీ ఇక్కడికే రమ్మను."

పరిశీలకుడు వచ్చేసరికి వకీలు అత్తగారి మంచం మీద కూర్చుని వాదిస్తున్నాడు. టీచరు తన వంతు కోసం గుమ్మంలో లోగొంతుతో శ్రుతి చూసుకుంటోంది. అత్తగారు ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు జరిగిందంతా దాచకుండా చెప్పి, చీవాట్లకు సిద్ధపడింది.

ఆయన గదిలో వంతులు ఎలా సాగుతున్నాయో చూశాడు. లోపం ఎక్కడుందో తెలిసింది కాబట్టి పని ఇంకో ఏడాది సాగించమన్నాడు. సలహాదారుగా అత్తగారిని పెట్టుకోవాలన్నది ఒక్కటే షరతు.