మూడు దేశాలు, ఒక షామియానా

మంగళవారం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ సిద్ధిరాములు ఆ రోజు పనులన్నీ మనసులో వరసపెట్టుకున్నాడు. తొమ్మిదికల్లా మేడ మీద షామియానా లేవాలి. తొమ్మిదిన్నరకు పక్కింటి పెద్దులు తన జనరేటర్‌ని వాకిట్లోకి తోసుకురావాలి. పదింటికి సోలాపూర్ వ్యాపారులు అడుగుపెట్టేసరికి షెడ్డులో ఎనిమిది సాంచాలూ ఆగకుండా ఆడుతూ ఉండాలి.

ముంబై దగ్గరి భివండి పట్టణం, నార్పోలిలో తెలుగువాళ్ళు మరమగ్గాన్ని సాంచా అంటారు. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన సిద్ధిరాములు పదిహేనేళ్ళు ఇంకొకరి సాంచాల మీద పనిచేసి, చివరికి ఎనిమిదింటికి తానే యజమాని అయ్యాడు. అయ్యాడు గాని, ఆ 2005 వేసవిలో రోజూ పదింటికి కరెంటు పోయి రెండింటికి వచ్చేది. ఆ నాలుగు గంటలూ అతనూ పనివాళ్ళూ చీకటి షెడ్డులోంచి బయటికొచ్చి వాకిట్లో కూర్చునేవారు. పైగా రెండు నెలలుగా కొత్త బేరం లేదు. నేసిన టవళ్ళు మూలన దొంతర్లు పడి ఉన్నాయి. ఇలాగే నడిస్తే దీపావళి లోపు నాలుగు సాంచాలు పాత ఇనుముకి పోతాయని అతనికి తెలుసు. భార్య మల్లవ్వకు చెప్పలేదు. మల్లవ్వకూ తెలుసు, ఆమె కూడా చెప్పలేదు.

అలాంటప్పుడు, అంతకుముందు గురువారం, ఫోన్ మోగింది. ఫోన్ ఉండేది షెడ్డులో. సాంచాలు ఆడుతుంటే అక్కడ పక్క మనిషి తుమ్మినా వినపడదు. మల్లవ్వ ఒక చెవికి రిసీవర్, రెండో చెవికి వేలు ఆనించుకుని అయిదు నిమిషాలు అరిచి, వచ్చి భర్త భుజం తట్టింది.

"సోలాపూరోళ్ళు వస్తున్నరట! మంగళారం పదింటికి. ముగ్గురట."

"ఏందే? సక్కగ జెప్పు."

"హిందీల మాట్లాడిండు. సోలా... సోలాపూరే అన్నడు. ముందుగాల మీదికెక్కి చూస్తమన్నడు."

"మీదికెందుకే?"

"నాకేమెరుక? కింద దూది పొట్టు లేస్తదని గావచ్చు. పెద్ద సేట్లు కదా!"

సిద్ధిరాములు మొహం వెలిగిపోయింది. నెల కిందట ఒక పెళ్ళి విందులో సోలాపూర్ టవళ్ళ వ్యాపారి ఒకాయన "ఎప్పుడన్నా మీ సరుకు చూస్తాను" అని మాట వరసకు అన్నాడు. ఆ మాటను సిద్ధిరాములు అప్పటినుంచీ పదిలంగా దాచుకున్నాడు.

నిజానికి ఫోన్ చేసింది ముంబైలోని ఒక సౌరవిద్యుత్ కార్యాలయంలో పనిచేసే వైభవ్ అనే కుర్ర అధికారి. అతను అన్నది సోలార్. మూడు దేశాలు చేతులు కలిపి, పట్టణాల్లో మేడల మీద ఎండతో కరెంటు తీసి చూద్దామనుకున్నాయి. ఒప్పందం ప్రకారం ఎండను పట్టే పలకలు జపాన్ ఇస్తుంది. పలకల్లో పుట్టిన కరెంటును వాడుకునేలా మార్చే పెట్టె జర్మనీ ఇస్తుంది. మేడా, మేడ మీద ఎండా భారతదేశం ఇస్తుంది. సిద్ధిరాములు కూతురు కాజల్ బీఎస్సీ చదువుతోంది. మంచి ఎండ తగిలే మేడలుంటే చెప్పమని కాలేజీలో మాస్టారు అడిగితే తమ ఇంటి చిరునామా రాసిచ్చింది. ఆ సంగతి తండ్రికి చెప్పింది కూడా. అయితే అదీ సాంచాల మధ్యనే చెప్పింది. ఆయన "మంచిది బిడ్డా" అన్నాడు.

మంగళవారం అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఎర్రటి, పచ్చటి చారల షామియానా మేడనంతా కప్పేసింది. నిప్పులు చెరిగే ఎండలో ఆ కింద మాత్రం చెట్టు నీడలో ఉన్నంత హాయిగా ఉంది. చుట్టూ తాళ్ళు కట్టి మల్లవ్వ రంగురంగుల టవళ్ళు వేలాడదీసింది. కుర్చీలు, అటుకుల పోహా, చాయ్ సిద్ధం. కాజల్ షామియానా లేవకముందే ప్రాక్టికల్ పరీక్షకని కాలేజీకి వెళ్ళింది. సరిగ్గా పదింటికి కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, ఎనిమిది సాంచాలూ దడదడలాడాయి.

పదీ పదికి జీపు ఆగింది. వైభవ్ దిగాడు. అతని వెనక ఆరడుగుల తెల్లని మనిషి దిగాడు. ఆయన జర్మనీ ఇంజనీరు డీటర్. ఆయన వెనక మెడలో ఏదో చిన్న యంత్రం వేసుకుని గొడుగు పట్టుకున్న ఒకావిడ దిగింది. ఆమె జపాన్ ఇంజనీరు ఇశిదా.

వాళ్ళని చూసి సిద్ధిరాములు ఒక్క క్షణం తికమకపడ్డాడు. వెంటనే తేరుకుని భార్య చెవిలో అరిచాడు. "సోలాపూర్ సేటు ఫారినోళ్ళనే తోలిండే! ఎక్స్‌పోర్ట్ సరుకన్నట్టు!"

వైభవ్ షెడ్డు గుమ్మంలో ఆగి హిందీలో గొంతు చించుకున్నాడు. "సోలార్ కోసం వచ్చాం!"

"సోలాపూర్ కోసం! ఎరుకే సాబ్, ఎరుకే! మరి సేటు రాలేదా?"

"సోలాపూరా? అక్కడికి వచ్చే వారం వెళ్తున్నాం!"

ముందు సరుకు చూసుకుని తర్వాత సేటు దగ్గరికి పోతారన్నమాట అనుకున్నాడు సిద్ధిరాములు. మరో పక్క డీటర్ ఆడుతున్న సాంచాలను చూసి తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కరెంటు కోత ఉన్న చోటు అని చెప్పారు, ఇక్కడ కోత ఎక్కడుంది అని వైభవ్‌ని ఇంగ్లీషులో అడిగాడు. వైభవ్ తన ఫైలు తిరగేశాడు.

ముగ్గురూ సాంచాల వంక రెండోసారి చూడకుండా మెట్లెక్కారు. పైకి వెళ్ళి, షామియానా కింద నిలబడి, తలలెత్తి అలాగే ఉండిపోయారు.

"ఇదేంటి?" అన్నాడు వైభవ్.

"మీ కోసమే కట్టించిన. ఎండపొడ గూడ రాదు సాబ్! చూసుకోండ్రి."

ఇశిదా మెడలోని యంత్రం తీసి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అది ఎండను కొలిచే యంత్రం. అందులో ముల్లు కాస్త కదిలిందే గాని లేవలేదు. ఆమె దాన్ని షామియానా గుడ్డ వైపు ఎత్తింది. ఈవిడ గుడ్డ నాణ్యం చూస్తోందని సిద్ధిరాములు కంగారుపడ్డాడు. "గది మాది కాదమ్మా, కిరాయి గుడ్డ! మాది ఇగో, గిది చూడుండ్రి" అంటూ ఒక నీలం టవల్ లాగి యంత్రం మీద కప్పాడు. కాస్తో కూస్తో కదులుతున్న ముల్లు పూర్తిగా పడుకుంది. ఇశిదా వంగి మర్యాదగా నమస్కరించింది. సిద్ధిరాములు అంతకంటే కిందికి వంగి నమస్కరించాడు.

ఇంతలో డీటర్ టేపుతో మేడ కొలిచి ఏదో చెప్పాడు. వైభవ్ దాన్ని హిందీలోకి మార్చాడు. "ఒక్కోటి మీటరు ఇరవై సెంటీమీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు. ఎనిమిది వస్తాయి."

"ఒంటి టవల్ సైజే!" అంది మల్లవ్వ సంబరంగా.

"ఎనిమిదేనా సాబ్? ఎనిమిది వందలా, వేలా?"

"మొదట ఎనిమిదితో చూస్తారు. బాగుంటే దేశమంతా పెడతారు."

నమూనా కింద ఎనిమిది అడుగుతున్నారని సిద్ధిరాములు సర్దుకున్నాడు. "రంగు?"

"నీలమే ఉంటుంది. రాత్రీ పగలూ ఇక్కడే ఎండలో, వానలో పడి ఉంటాయి. తియ్యం."

సిద్ధిరాములు భార్య వంక చూశాడు. వీళ్ళు టవల్‌తో ఒళ్ళు తుడుచుకునే రకంలా లేరు. అయినా కొనేవాడి ఇష్టం.

అప్పుడు వైభవ్ అసలు ప్రశ్న అడిగాడు. మేడ గట్టితనం గురించి డీటర్ పట్టుబట్టి అడగమన్న ప్రశ్న అది. "సరే, ఇరవై ఐదేళ్ళు ఆగుతుందా?"

సిద్ధిరాములు వేలాడుతున్న ఒక టవల్ అంచు పట్టుకుని లాగి చూశాడు. బేరం కావాలి. కాని జీవితంలో ఎప్పుడూ సరుకు గురించి అబద్ధమాడలేదు. గుండె రాయి చేసుకుని చెప్పాడు. "ఎవడన్నా ఇరవై ఐదేండ్లు ఆగుతదంటే వాడు మోసగాడు సాబ్. రెండేండ్లు. రోజు నీళ్ళు తగిలితే ఏడాదిన్నర."

వైభవ్ కాళ్ళ కిందికి చూశాడు. "వానకి కారుతుందా?"

"నానితే కారదా? పిండితే బొట్టుబొట్టు కారుతది."

"ఇప్పుడు... ఇప్పుడు ఎలా ఉంది?"

"ఇప్పుడేం భయం లేదు. రెండు మూడు ఉతుకులయినంక పోగులు ఊడుతై."

వైభవ్ ఈ సమాచారాన్ని చేతనైనంత నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. మేడ మధ్యలో ఉన్న డీటర్ అంచుకి, కింద గోడ ఆసరా ఉన్న చోటుకి జరిగాడు. ఇశిదా చెప్పులు చేతిలోకి తీసుకుంది. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు మునివేళ్ళ మీద మెట్ల వైపు నడిచారు. "పోహా తినకుండనే పోతున్నరేంది?" అని మల్లవ్వ ప్లేట్లు పట్టుకుని వెంటపడింది. ఆమె గట్టిగా అడుగు వేసినప్పుడల్లా డీటర్ ఆగి ఊపిరి బిగబట్టాడు.

"అమ్మా, కొంచెం ఆగండి! కప్పు పడిపోతుందంటున్నారు వాళ్ళు!" అని వైభవ్ హిందీలో మొత్తుకున్నాడు. ఆ ఒక్క మాట మాత్రం, అన్నేసి చప్పుళ్ళు దాటుకుని, కింద జనరేటర్ దగ్గరున్న పెద్దులు చెవిలో శుభ్రంగా పడింది.

సరిగ్గా అప్పుడే, వాకిట్లో సోలార్ ఆఫీసు జీపు చూసి, కాజల్ కాలేజీ సంచీతో మెట్లెక్కి వచ్చింది.

"బాపూ, గీ షామియానా ఏంది? సోలార్ వాళ్ళు వస్తున్నరని నాకెందుకు జెప్పలే?"

"సోలాపూరోళ్ళు బిడ్డా, టవళ్ళకు..."

"సోలాపూర్ కాదు బాపూ, సోలార్! సూరజ్! ఎండతోని కరెంటు! నేనే కదా పేరు రాసిచ్చింది? వాళ్ళకు ఎండ గావాలె. నువ్వు ఎండ రాకుండ కప్పేసినవ్!"

సిద్ధిరాములు షామియానా వంక చూశాడు. టవళ్ళ వంక చూశాడు. కిందనుంచి వస్తున్న జనరేటర్ చప్పుడు విన్నాడు. పొద్దుటినుంచి తాను చేసిన ప్రతి ఏర్పాటూ ఒక్కొక్కటే గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. కాజల్ మరాఠీలో గబగబా వైభవ్‌కి విడమరిచి చెబుతోంది. మా మేడ గట్టిది, బాపు చెప్పింది టవల్ సంగతి అంటోంది. వైభవ్‌కి సగం అర్థమైంది. అతను ఇంగ్లీషులో చెప్పగా డీటర్‌కి పావు వంతు అర్థమైంది. టవళ్ళ మీద ఇళ్ళు కట్టే పద్ధతి ఏదో ఇక్కడ ఉందని మాత్రం ఆయన గ్రహించాడు.

"ఇప్పుడే తీసేస్త! పోకండ్రి సాబ్, పోకండ్రి!" అంటూ సిద్ధిరాములు పరుగెత్తి నడిమి బొంగు పీకాడు. ముందు పీకవలసింది చివరి బొంగు. షామియానా అంతా ఒక్కసారిగా, మూడు దేశాల మీదా పోహా మీదా సమానంగా కూలింది.

ఆ శబ్దానికి పెద్దులు జనరేటర్ ఆపేసి "కప్పు పడ్డది! సిద్ధిరాములన్న కప్పు పడ్డదిరో!" అని కేక పెట్టాడు. నార్పోలి మనుషులు ఆపదలో వెనక్కి తగ్గే రకం కాదు. పక్క షెడ్లలో కోతకి ఖాళీగా కూర్చున్న పనివాళ్ళు, ఎదురింటి రాజమణి, ఆమె అత్త, చాయ్ కొట్టు దగ్గరివాళ్ళు అందరూ ఉరికి వచ్చి, కూలిపోయిందనుకున్న ఆ కప్పు మీదికే తోసుకుంటూ ఎక్కారు. తలా ఒక మూల పట్టి గుడ్డ లాగారు. లోపలినుంచి ముందు మల్లవ్వ, తర్వాత వైభవ్, ఇశిదా, చివరికి జుట్టులో అటుకులతో డీటర్ బయటపడ్డారు.

డీటర్ చుట్టూ చూశాడు. కాళ్ళ కింద మేడ కదలలేదు. ఆయన వేలు చూపిస్తూ మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తమ పేర్లు రాసుకుని ఏదో ఇస్తారనుకుని జనం కదలకుండా నిలబడ్డారు. నలభై ముగ్గురు. మనిషికి యాభై అయిదు కిలోలు వేసుకున్నా రెండు టన్నుల పైమాటే. పలకలు, చట్రాలు, పెట్టె అన్నీ కలిపినా రెండు వందల కిలోలు దాటవు. ఆయన కాగితం మీద ఒక గీత కొట్టేసి ఇంకోటి రాశాడు.

అప్పుడు అందరికీ కింది నిశ్శబ్దం వినిపించింది. జనరేటర్ లేదు. ఎనిమిది సాంచాలూ ఆగిపోయి ఉన్నాయి.

"రోజూ ఇంతేనా?" అని డీటర్ వైభవ్ చేత అడిగించాడు.

"రోజు గింతే సాబ్. పది నుంచి రెండు దాక. ఇయ్యాల మీకోసమని జనరేటర్ కిరాయికి తెచ్చిన. లేకుంటే..." సిద్ధిరాములు కింది షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "సగం సాంచాలు అమ్ముకునేటట్టున్న."

భార్య ముందర ఆ మాట అనడం అదే మొదటిసారి. మల్లవ్వ వచ్చి అతని పక్కన నిలబడి, చొక్కా మీద పడ్డ అటుకులు దులిపింది.

గుడ్డ మడతల్లో దొరికిన యంత్రాన్ని ఇశిదా ఎండలో పట్టుకుంది. ముల్లు గిర్రున చివరికంటా పోయి ఆగింది. ఆమె ఆ రోజు మొదటిసారి నవ్వి, జపాన్ భాషలోనే ఏదో అంది. దాన్ని ఎవరూ అనువాదం చేయలేదు, అవసరం పడలేదు. మూడు దేశాల సంతకాలూ ఆ మేడ మీదే, కాగితం కింద పోహా ప్లేటు ఆనించుకుని చేశారు.

దసరాకు నాలుగు రోజుల ముందు పలకలు వచ్చాయి. నీలంగా, టవల్ సైజులో, ఎనిమిది. ప్రారంభానికి సరిగ్గా పదింటికి, కరెంటు పోగానే, వీధంతా షెడ్డులో గుమిగూడింది. మొదటి సాంచా పిడి మీద చెయ్యి వేసి సిద్ధిరాములు నిలబడ్డాడు. వైభవ్ స్విచ్ నొక్కాడు. పది ట్యూబులైట్లు భళ్ళున వెలిగాయి, రెండు ఫ్యాన్లు తిరిగాయి, జనం చప్పట్లు కొట్టారు. సిద్ధిరాములు పిడి లాగాడు. మళ్ళీ లాగాడు.

"సాంచాలకి కాదండీ" అన్నాడు వైభవ్ ఇబ్బందిగా. "ఎనిమిది పలకలూ కలిపి ఇచ్చేది ఒక్క మోటారుకే చాలదు. ఇది దీపాలకి, ఫ్యాన్లకి."

"గీ ముక్క అప్పుడే జెప్పద్దా సాబ్?"

"చెప్పాను. మీకు వినపడలేదు."

అయినా మేలే జరిగింది. కోత వేళల్లో పనివాళ్ళు ఇప్పుడు వాకిట్లో కూర్చోకుండా లోపలే ఫ్యాన్ కింద తెగిన పోగులు అతుకుతారు, సాంచాలు విప్పి బాగుచేసుకుంటారు. రెండింటికి కరెంటు రాగానే ఒక్క నిమిషం పోకుండా ఆడిస్తారు. మూలనున్న టవళ్ళ దొంతర్లు పండగ బేరానికి పోయాయి. దీపావళి వచ్చి పోయింది, ఒక్క సాంచా కూడా అమ్మలేదు. కాకపోతే, కరెంటు పోయినప్పుడు సాంచాలు ఆగిపోవడం నార్పోలి మొత్తం మీద అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది, పది ట్యూబులైట్ల వెలుగులో, సిద్ధిరాములు షెడ్డులోనే.